నోరు విప్పని పాత్రను రాయడం ఎలా? వెట్టి, బానిస బతుకుల మీద కథ రాసేవాళ్ల కోసం

హైదరాబాద్‌లో కొత్తగా కథలు రాస్తున్నవాళ్ల చిత్తుప్రతులు నా దగ్గరకు తరచూ వస్తుంటాయి. ఈ మధ్య వాటిలో గడీలు (దొరల కోటల్లాంటి ఇళ్లు), వెట్టి, జీతగాళ్లు, ఇటుక బట్టీలు బాగా కనిపిస్తున్నాయి. సంతోషం. వాటితో పాటు వచ్చే ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే: "ఇంత హింస పడ్డ మనిషి మనసులో ఏం జరుగుతుందో ఎలా చూపించాలి? ఏడిపిస్తే సినిమాలా ఉంటోంది. ఏడిపించకపోతే బండరాయిలా ఉంటోంది." విడివిడిగా జవాబులు రాసే బదులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్తాను. మీ పాత్ర నోరు మూసుకుని ఉందంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఒక పని చేస్తోందని అర్థం. ఆ పని ఆమెను బతికిస్తోంది, ఆమె నుంచి ఏదో తీసుకుంటోంది కూడా. ఏం తీసుకుంటోందో కనిపెట్టి రాయండి. మిగతా అంతా దానికోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కాలం, ఊరు, ఇంటి నక్షా. గడీ అయితే పెద్ద దర్వాజా ఎటు, వంటిల్లు ఎటు, పనివాళ్లు పడుకునేది ఎక్కడ అన్నది కాగితం మీద గీసుకోండి. పిలిస్తే ఎంత దూరం పరుగెత్తాలో మీకు తెలియాలి.
- చదివిన సరుకు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో తెలంగాణ సాయుధ పోరాటం నాటి జ్ఞాపకాలు, ఆత్మకథలు దొరుకుతాయి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కూడా ఉన్నాయి. ఆర్కైవ్స్‌కు వెళ్లేముందు ఫోన్ చేసి ఏం చూడనిస్తారో, ఏ గుర్తింపు కార్డు కావాలో కనుక్కోండి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా మన లెక్కకు వస్తుంది. డబ్బు హాలీ సిక్కా రూపాయల్లో ఉంటుంది, బ్రిటిష్ రూపాయి అనుకోవద్దు.
- ఆ నేపథ్యం నుంచి వచ్చిన ఒక చదువరి. చిత్తు పూర్తయ్యాక వెతుక్కుందాం అనుకోకండి, ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

1. ఏ బానిసత్వమో తేల్చుకోండి

"బానిస" అని ఒక్క మాట రాసి ముందుకు పోవద్దు. మనిషిని ఎలా కట్టేశారన్నదాన్ని బట్టి మనసు దాచుకునే తీరు మారుతుంది.

నిజాం కాలపు తెలంగాణనే తీసుకోండి. వెట్టి కులాన్ని బట్టి మీద పడేది. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల మందలోంచి గొర్రెను తోలాలి. పైసా ఉండదు. కానీ రాత్రికి ఆ మనిషికి తన గుడిసె ఉంది, దొరను తిట్టుకోవడానికి పక్కింటివాళ్లున్నారు. భగేలా వేరు. అప్పు తీసుకుని, అది తీరేదాకా దొర దగ్గర జీతగాడిగా ఉండటం, తండ్రి పోతే కొడుకు వచ్చి అదే పనికి నిలబడటం. దీన్ని అదుపు చేస్తామంటూ సర్కారు 1936లో చట్టం కూడా తెచ్చింది. ఈ మనిషి మనసును తినేది ఎప్పటికీ తెగని ఆ లెక్క. ఆడబాప సంగతి ఇంకా వేరు. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న పిల్ల ఆమె. గడీయే ఇల్లు. తల్లి ఎక్కడుందో తెలియకపోవచ్చు. దొర చేతిలో చెరపడుతూ, తెల్లారి అదే దొరసానికి తల దువ్వాలి. లోపలి మాట చెప్పుకోవడానికి చోటు, మనిషి రెండూ లేనిచోటనే అణచుకోవడం అడుగంటా పోతుంది.

ఇప్పటి కథ రాస్తుంటే మరో దారి. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి, కూలీలను కుదిర్చే సర్దార్ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తాయి. పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బీహార్ పిల్లలను పోలీసులు విడిపించిన సంగతి 2015 పేపర్లలో చదివే ఉంటారు. 1976 చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లదు, అడిగే హక్కే ఎవరికీ లేదు. మీ పాత్రకు ఆ సంగతి తెలుసా లేదా అన్నది కథను మార్చేస్తుంది.

హెచ్చరిక: ఒక చోటి బతుకును ఇంకో చోటికి తెచ్చి అతికించవద్దు. ఇథియోపియాలో పుట్టి, పసితనంలోనే అమ్ముడుపోయి, చేతులు మారి మారి దక్కన్ చేరిన మాలిక్ అంబర్ చివరకు అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించాడు. 1626లో చనిపోయేదాకా మొఘలులను నిలవరించాడు. అమెరికా పత్తి తోటలో బానిసకు అలాంటి దారి లేదు. మన గడీలో ఆడబాపకు లేదు. అమెరికా నవలల్లో చదివిన కొరడా, గొలుసు, వేలంపాట తెచ్చి నల్లగొండ గడీలో పెడితే మొదటి పేజీలోనే దొరికిపోతారు.

2. దాచడంలో మూడు పొరలు విడదీయండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

మొదటిది, తెలిసి దాచడం. దొర ముందు "బాంచెన్ దొరా, కాల్మొక్త" అనే మనిషికి లోపల ఏముందో స్పష్టంగా తెలుసు. అతను ఏమీ అణచుకోవడం లేదు, నటిస్తున్నాడు. గడప దాటాక అదే దొర నడకను అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించగలడు.

రెండోది, తెలిసి పక్కకు నెట్టడం. బిడ్డ జ్వరంతో గుడిసెలో పడుంది. ఈమె ఇక్కడ వడ్లు దంచుతోంది. బిడ్డ గుర్తొస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే దెబ్బ పడుతుంది. అందుకని ఎన్ని పోట్లు వేసిందో లెక్కపెట్టుకుంటుంది. లెక్క తప్పినప్పుడల్లా మొదటికి వస్తుంది.

మూడోది, తనకే అందకపోవడం. జరిగింది జరిగినట్టు తలుచుకోలేదు. ఆ వైపు ఆలోచన పోదు, పోయినా ముక్కలుగా వస్తుంది. ఎవరైనా అడిగితే "ఏమున్నది బిడ్డా, అందరికీ ఉన్నదే" అంటుంది. అబద్ధం చెప్పడం లేదు.

కొత్త రచయితలు తిన్నగా మూడోదానికి దూకుతారు. పాత్ర మొద్దుబారి, శూన్యంలోకి చూస్తూ కూర్చుంటుంది. నిజానికి ఆ బతుకుల్లో రోజంతా నడిచేది మొదటి పొర మీద. అది లేకుండా రాస్తే ఆ మనుషుల తెలివిని మీరే తీసేసినట్టు. దొర చేసిందే మీరూ చేసినట్టవుతుంది. ప్రతి దృశ్యం పక్కన 1, 2, 3 అంకెల్లో ఏ పొరో వేసుకోండి. కథంతా 3 అయితే మళ్లీ మొదలుపెట్టండి.

3. మనసు మాట శరీరంతో చెప్పించండి

మీతో పాటు ఒక పాత్రను తయారుచేస్తాను. పేరు రాజవ్వ. గడీలో ఆడబాపగా పెరిగింది. 1948 పోలీసు చర్య తర్వాత గడీ ఖాళీ అయింది. ఇప్పుడు 1978. చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు. కొడుక్కి ఆర్టీసీలో ఉద్యోగం. ఆ కొడుకు తండ్రి ఎవరన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట.

మామూలుగా వచ్చే మొదటి చిత్తు ఇలా ఉంటుంది:

"కాలింగ్ బెల్ మోగగానే రాజవ్వకు గడీ గుర్తుకొచ్చింది. దొర కొట్టిన దెబ్బలు కళ్ల ముందు మెదిలాయి. గుండె బరువెక్కింది. కళ్లు చెమర్చాయి."

ఇప్పుడు ఇది చూడండి:

"బెల్లు మోగింది. కోడలు పొయ్యి దగ్గర నుంచి లేచేలోపే రాజవ్వ తలుపు తీసేసింది. పాలబ్బాయి.

'నేను తీస్త గదా అత్తమ్మా, నువ్వు తింటున్నవు.'

రాజవ్వ ఎడమచేత్తో గిన్నె పట్టింది. కుడిచేతిలో ముద్ద అట్లనే ఉంది. పిడికిట్ల నలిగి వేళ్ల సందుల్లోంచి అన్నం బయటికొచ్చింది.

'బాకీ ఏమన్న ఉన్నదా బిడ్డా?'

'ఏం లేదవ్వా.'

గిన్నె నిండింది. 'బాకీ ఏం లేదు గదా?' అని మళ్లీ అడిగింది."

గడీ మాట ఎక్కడా రాలేదు. రెండోసారి పిలుపు రాకముందే హాజరవ్వాలన్న భయం కాళ్లలో ఉంది. తింటున్నది దాచాలన్న అలవాటు పిడికిట్లో ఉంది. అప్పు భయం నోట్లో ఉంది. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా.

మీ పాత్రకు ఇలాంటివి మూడో నాలుగో ఎంచుకోండి, అంతకుమించి వద్దు. ఉలికిపాటు, నిద్రలో మెలకువ, గోడకు వీపు ఆనించి కూర్చోవడం, కుర్చీ ఉన్నా కింద కూర్చోవడం, అన్నం దాచిపెట్టుకోవడం, ఒక ఫలానా వాసన తగిలితే అక్కడి నుంచి లేచిపోవడం. అన్నీ ఒకే మనిషికి తగిలిస్తే జబ్బుల జాబితా అవుతుంది. ఎంచుకున్న ప్రతిదానికీ వెనక ఒక కారణం మీ నోటు పుస్తకంలో ఉండాలి, కథలో ఉండనక్కర్లేదు. రాజవ్వ అత్తరు వాసనకు లేచిపోతుందంటే ఎందుకో నాకు తెలుసు. పాఠకుడికి చివరిదాకా చెప్పను.

4. ఏం అనదో రాసిపెట్టుకోండి

పాత్ర మాట్లాడే మాటల కన్నా, ఎప్పుడూ వాడని మాటల పట్టిక ఎక్కువ పనికొస్తుంది. రాజవ్వ "నాకు కావాలె" అనదు. ఆకలేస్తే "పోరగాళ్లు తిన్నరా?" అంటుంది. ఒళ్లు నొప్పులుంటే "ఇయ్యాల చలి బాగున్నది" అంటుంది. కొడుకు నాలుగుసార్లు అడిగితే గానీ చీర రంగు చెప్పదు, చెప్పినా "నీ ఇష్టం కొడుకా" అనే చెప్తుంది. నిర్ణయం తనది కాకుండా చూసుకోవడం ఆమెకు ఒంటబట్టిన జాగ్రత్త.

పాటలతో జాగ్రత్త. నాట్లు వేస్తూ పాడుతున్నారు కాబట్టి సంతోషంగా ఉన్నారని దొర ఇంటికొచ్చిన చుట్టం అనుకోవచ్చు. మీరు అనుకోకూడదు. బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చువేసిన తన జీవితకథలో ఈ సంగతే రాశాడు: బానిసల పాటలు విని వాళ్లు ఆనందంగా ఉన్నారనుకోవడం పెద్ద పొరపాటు, దుఃఖం ఎక్కువైనప్పుడే ఎక్కువ పాడేవాళ్లు. తన వయసు తనకు సరిగ్గా తెలియదని అదే పుస్తకం మొదట్లోనే చెప్పాడు. మీ పాత్రకు పుట్టినరోజు తెలుసా? స్కూల్లో మనవడి ఫారం నింపుతూ "నానమ్మా, నువ్వు ఎప్పుడు పుట్టినవ్?" అని అడిగితే ఏం చెప్తుంది? ఈ ఒక్క దృశ్యం రాసి చూడండి. చాలా విషయాలు కదులుతాయి.

ఇంకొకటి, అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికాలో 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వ పథకం కింద ఒకప్పటి బానిసలు 2,300 మందికి పైగా చెప్పిన మాటలు రాసుకున్నారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, కొన్నిచోట్ల పాత యజమానుల ఊరివాళ్లే. ముసలివాళ్లు "మా దొర మంచోడే" అన్నారు. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదని చరిత్రకారులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మీరు కారు దిగి ఊళ్లో ఒక ముసలామెను అడిగినా అంతే. ఆమె మీతో చెప్పింది మొదటి పొర కావచ్చు. చెంబు పట్టుకుని రెండోరోజు, మూడోరోజు ఆమెతో చెలకకు నడిచినప్పుడు చెప్పేది వేరు. చెప్పకపోతే ఒత్తిడి చేయకండి. మీ కథ కోసం ఆమె గాయం రేగాల్సిన అవసరం లేదు.

5. గాయం బయటపడే సమయం చూసుకోండి

కష్టం నడుస్తున్నప్పుడు మనిషి చాలాసార్లు నిలబడే ఉంటాడు. కూలిపోవడానికి తీరిక ఉండదు. భయం తీరాక, తలుపుకు గొళ్లెం పెట్టుకునే వీలు వచ్చాక, అప్పుడు మొదలవుతుంది నిద్ర పట్టకపోవడం, కారణం లేని కోపం. అందుకే విడుదలతో కథ ముగించవద్దని గట్టిగా చెప్తాను. బట్టీ నుంచి విడుదలైన కుటుంబం రైలెక్కింది, శుభం అంటే సగం కథ స్టేషన్లో వదిలేసినట్టే. ఇంటికెళ్లిన తర్వాత ఆ పిల్లాడు నిద్రలో ఇటుకలు తిరగేస్తున్నట్టు చేతులు కదుపుతాడేమో. తల్లి చూస్తుంది, తండ్రికి చెప్పదు.

ఇక్కడే ఒక పాత సినిమా తప్పు వస్తుంది. అన్నీ మర్చిపోయిన పాత్రకు ఒక వస్తువు కనిపించగానే గతమంతా వరసగా, పూర్తిగా గుర్తొచ్చేస్తుంది, ఏడ్చేస్తుంది, తేలికపడుతుంది. అలా పూర్తిగా మరుగునపడి పూర్తిగా తిరిగొచ్చే జ్ఞాపకాల మీద మనస్తత్వ శాస్త్రవేత్తల్లోనే పెద్ద వాదం ఉంది. దాని మీద కథ మొత్తం నిలబెట్టకండి. గాయపడ్డవాళ్లలో ఎక్కువమందిది మర్చిపోలేని బాధ. జ్ఞాపకం వచ్చినా ఒక వాసన, ఒక శబ్దం, నేల చల్లదనం, ఇలా ముక్కగా వస్తుంది. ముందూ వెనకా ఉండవు. మీరు కూడా ముక్కగానే రాయండి, కలిపి కుట్టే పని పాఠకుడికి వదిలేయండి.

6. హింస దృశ్యం: చిన్నదిగా, ఒక్కసారే

కొట్టడం, చెరచడం వంటివి రాయాల్సి వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరి కళ్లతో చూస్తున్నాను? కొట్టేవాడి పక్కన నిలబడి చూస్తున్నట్టుంటే వెంటనే జరగండి. ఈ దృశ్యం ఎన్ని వాక్యాలు, దీని తర్వాత ఆమె గడిపిన గంట ఎన్ని వాక్యాలు? మొదటిది ఎక్కువుంటే తిరగేయండి. తర్వాతి గంటలోనే మనిషి ఉంటుంది. నీళ్లు తోడుకుందా, జుట్టు ముడేసుకుందా, ఎవరికి ఎదురుపడింది, ఏం జరగనట్టు ఏ పనికి కూర్చుంది.

ఈ దృశ్యం అసలు లేకుండా కుదురుతుందేమో చూడండి. చాలాసార్లు కుదురుతుంది.

7. దొరతో సంబంధం లేనిది ఒకటి ఇవ్వండి

ఆమెకంటూ ఒకటి ఉండాలి. ఒక విద్య, ఒక ఓర్వలేనితనం, ఒక ఇష్టం. రాజవ్వకు ముగ్గుల్లో చుక్కల లెక్క తప్పదు. పక్కింటామె ముగ్గు తన ముగ్గు కన్నా బాగుందని ఎవరైనా అంటే రెండురోజులు మాట్లాడదు. ఆమె గాయానికి దీంతో సంబంధం లేదు, ఉండకూడదు కూడా. అన్ని గుణాలనూ గాయంతో ముడిపెడితే మనిషి మిగలదు.

తిరుగుబాటు విషయంలోనూ తొందర వద్దు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఊళ్లకు ఊళ్లే లేచాయి, నిజమే. అంతమాత్రాన మీ కథ ఆఖరి పేజీలో ప్రతి పాత్రా ఎర్రజెండా పట్టక్కర్లేదు. దొరలను ఎదిరించే సంఘం ఊళ్లోకి వచ్చిన రాత్రి కూడా దొరసానికి పాలు కాచి పెట్టినవాళ్లున్నారు. వాళ్లది పిరికితనమని తేల్చేయకుండా, ఆ రాత్రి ఆ చేతులు పాలు ఎందుకు కాచాయో రాయగలిగితే అది మంచి కథ. దాచిన గింజలు, కావాలని ఆలస్యంగా చేసిన పని, వినపడనట్టు నటించడం, పిల్లకు దొర పెట్టిన పేరు కాకుండా చాటుగా ఇంకో పేరు పెట్టి పిలుచుకోవడం. ఇవన్నీ ఎదిరించడమే.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

చిత్తు పూర్తయ్యాక వారం పక్కన పెట్టి, ఎర్ర పెన్నుతో కూర్చోండి. బాధ, దుఃఖం, వేదన, గుండె, కన్నీళ్లు అన్న మాటలన్నీ కొట్టేయండి. కొట్టేసినా దృశ్యం నిలబడితే అవి అక్కర్లేదు. పడిపోతే దృశ్యంలో అసలు ఏమీ జరగలేదని తెలుస్తుంది. తర్వాత దొర ఉన్న పేజీలన్నీ తీసి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో మీ పాత్ర ఇంకా బతికి ఉందా? లేకపోతే 7వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఇద్దరు ముగ్గురికి చదివించి "ఈమె ఏం దాచింది?" అని మాత్రమే అడగండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఎవరికీ ఏమీ తట్టకపోతే మరీ లోతుగా పాతిపెట్టారు. అందరూ కథలోని ఒకే వాక్యాన్ని చూపించి చెప్తే ఆ వాక్యం తీసేయండి.

మొదట్లో చెప్పిన ఆ నేపథ్యపు చదువరి మాట తప్పనిసరి. ఆయన "మా అవ్వ ఇట్ల అనదు" అంటే వాదించకండి, రాసుకోండి. చదివినందుకు డబ్బో పుస్తకాలో ఇవ్వండి. వెట్టి మీద కథ రాస్తూ ఎవరితోనూ ఉత్తపుణ్యానికి పని చేయించుకోవద్దు.

ఒక జాగ్రత్త మీ కోసం. ఈ సరుకు రోజుల తరబడి చదివితే మనసు మీద పడుతుంది, మీ ఇంట్లో ఇలాంటి కథ ఉంటే మరీను. రాత్రిపూట ఆత్మకథలు చదవడం మానేయండి. నిద్ర చెడిపోతుంటే, మీ సొంత జ్ఞాపకాలు తిరగబెడుతుంటే మానసిక సాయం కోసం సర్కారు నడిపే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సరుకు వెతుకుతున్నప్పుడు నిజంగా పనిలో చిక్కుకున్న పిల్లలు కంటపడితే నోటు పుస్తకం మూసి ముందు పిల్లల సహాయ నంబర్ 1098కు ఫోన్ చేయండి, కథ తర్వాత.

పది పేజీల కథకు ఇవన్నీ పట్టవు. 1, 2, 7 మాత్రం వదలకండి. 3లో చెప్పిన గుర్తులు ఒకటి రెండు చాలు. 5 అసలు నవలకు సంబంధించింది, చిన్న కథలో విడుదల తర్వాతి ఒక్క పూట తీసుకుని రాసినా సరిపోతుంది. మొదటి చిత్తులో రాజవ్వ లాంటి ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక బెల్లు మోత పెట్టుకుని రెండు పేజీలు రాసి చూడండి. అది కుదిరాకే గడీ దాకా వెనక్కి వెళ్లండి.